అరికాళ్ళ మంటకు సూది, సెగ: కటవారియా సరాయ్ పరిసరాల నుంచి ఒక చికిత్స చరిత్ర

దక్షిణ ఢిల్లీలో హౌజ్ ఖాస్‌కూ మెహ్రౌలీకీ నడుమ, ఐఐటీ ప్రాంగణానికి దక్షిణాన, కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాను ఆనుకొని ఉన్న పాత పల్లె కటవారియా సరాయ్. బాటసారులు రాత్రికి దిగే సత్రాన్ని ఉత్తరాదిన సరాయ్ అంటారు. బేర్ సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్ అంటూ ఆ చుట్టుపక్కల వరుసగా వినిపించే ఊళ్ళ పేర్లు పాత ఢిల్లీ ప్రయాణాల జ్ఞాపకాన్ని ఇంకా మోస్తున్నాయి. నగరం పెరిగి పొలాలు ప్రభుత్వ సేకరణలో పోయిన తరువాత ఈ పల్లెలకు మిగిలింది 'లాల్ డోరా' లోపలి నేల, అంటే రెవిన్యూ పటంలో ఊరి ఇళ్ళ చుట్టూ ఎర్రగీత గీసి వేరు చేసిన నివాస స్థలం మాత్రమే. ఆ గీత లోపల భవన నిర్మాణ నిబంధనలకు చాలాకాలం సడలింపు ఉండడంతో ఇరుకు సందులకు ఇరువైపులా అంతస్తుల మీద అంతస్తులుగా అద్దె గదులు లేచాయి, వాటిలోకి దేశం నలుమూలల నుంచీ విద్యార్థులూ పోటీ పరీక్షలకు చదివేవారూ, వారితోపాటు తెలుగు నేల నుంచి వచ్చినవారూ చేరారు.

ఈ పల్లెను నడిమధ్యన పెట్టుకొని నాలుగైదు కిలోమీటర్ల వృత్తం గీస్తే, భారతదేశపు ప్రజారోగ్య చరిత్రలో సగభాగం అందులోకి వస్తుందనడం అతిశయోక్తి కాదు. మెహ్రౌలీ దగ్గర 1952లో వెలసిన లాలా రామ్ స్వరూప్ క్షయ ఆసుపత్రి (నేటి జాతీయ క్షయ, శ్వాసకోశ వ్యాధుల సంస్థ), అన్సారీ నగర్‌లో ఎయిమ్స్, దాని ఎదుట సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, మునిర్కాలో జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ, జేఎన్‌యూలో దేబబార్ బెనర్జీ నిర్మించిన సామాజిక వైద్య, ప్రజారోగ్య కేంద్రం, నేబ్ సరాయ్‌లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు తమ హక్కుల కోసం నడుపుకున్న ఢిల్లీ నెట్‌వర్క్ ఆఫ్ పాజిటివ్ పీపుల్ ఆ వృత్తంలోనివే. ఇక్కడ చెప్పబోయేది ఈ సంస్థలన్నిటినీ ఏదో ఒక విధంగా తాకిన నొప్పి చరిత్ర. హెచ్‌ఐవీ ఉన్నవారి పాదాల్లో పుట్టే నరాల నొప్పి, దానికి కారణమైన మందులు, దాన్ని తగ్గించుకోవడానికి మనుషులు చైనా సూదినీ మూలికా సెగనూ ఆశ్రయించిన తీరు ఇందులోని విషయాలు. ప్రాణాలు ఎన్ని నిలిచాయో లెక్క రాసుకున్న పుస్తకాల్లో ఈ నొప్పికి చోటు దక్కలేదు. ఆ చోటు ఖాళీగా ఉండబట్టే సూదికీ సెగకూ అంత ఆదరణ దొరికిందని ఈ చరిత్ర చెబుతుంది.

హెచ్‌ఐవీ వల్ల నాడీమండలానికి వచ్చే జబ్బులన్నిటిలోనూ ఎక్కువగా కనిపించేది, స్పర్శను మోసే నరాల చివరలు దెబ్బతినడం. నడుము దగ్గర వెన్నును వదిలి కాలివేళ్ళ కొసల దాకా సాగే నరాలు శరీరంలోకెల్లా పొడవైనవి. నాడీకణం తన మూలం నుంచి పంపే పోషణ అంత దూరమూ చేరాలి కనుక, కాలువలో నీరు తగ్గిన ఏడు ముందుగా చివరి ఆయకట్టు ఎండినట్టు, ఏ చిన్న లోటు వచ్చినా ముందుగా బాధపడేది బొటనవేలూ అరికాలూ. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండడం, ఉండుండి సూదులు గుచ్చినట్టు పోటు రావడం, చెప్పు జారిపోయినా తెలియనంతగా పాదం మొద్దుబారడం దీని లక్షణాలు. మేజోడు తొడిగినంత మేర ఈ బాధ రెండు కాళ్ళకూ సమానంగా పైకి ఎగబాకుతుంది, చాలా ముదిరితే చేతివేళ్ళకూ వస్తుంది. పగలు పనిలో పడి ఓర్చుకున్నవారు రాత్రి పడుకున్నాక దుప్పటి అంచు తగిలినా భరించలేరు. ఇంత బాధనూ పట్టుకోవడానికి వైద్యుడికి కావలసిన పరికరాలు రెండే: ఒకటి, సెకనుకు 128 సార్లు కంపించే శ్రుతిదండం, దాన్ని మోగించి బొటనవేలి ఎముక మీద ఆనించి కంపనం ఎప్పటికి ఆగిందో రోగిని అడగాలి, రెండు, మడమ వెనుక స్నాయువును తట్టి చూసే చిన్న రబ్బరు సుత్తి. రెండు నిమిషాల్లో అయ్యే ఈ పరీక్షకు రద్దీ ఆసుపత్రిలో తీరిక దొరక్కపోవడమే ఈ చరిత్రలో పదేపదే ఎదురయ్యే విషాదం.

నరాలు చెడడానికి వైరస్ ఒక కారణం. రోగనిరోధక శక్తి పడిపోయినకొద్దీ నరాల చుట్టూ చేరే వాపు వాటిని తినేస్తుంది. రెండో కారణం మందులు, అందులో మొదటిది క్షయ మందు. మెహ్రౌలీ ఆసుపత్రి పుట్టిన 1952వ సంవత్సరంలోనే ఐసోనియజిడ్ అనే మందు క్షయ వైద్యంలో అడుగుపెట్టింది. అంత చవకగా, అంత బలంగా పనిచేసే మందు అంతకుముందు లేదు. కానీ అది శరీరంలోని బి6 విటమిన్‌కు, అంటే పైరిడాక్సిన్‌కు అడ్డుపడుతుంది కనుక తిండికి లోటున్నవారిలోనూ, మందును నెమ్మదిగా విరగ్గొట్టే కాలేయం ఉన్నవారిలోనూ కాళ్ళ మంటలు తెస్తుంది. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, మురికివాడల్లోని పేద రోగులకు ఇంటి దగ్గరే మందులిచ్చి శానటోరియం వైద్యానికి దీటైన ఫలితం సాధించవచ్చని నిరూపించి ప్రపంచ క్షయ వైద్యాన్నే మార్చిన సంస్థ. అక్కడి రోగుల కాళ్ళ మంటలను జాగ్రత్తగా నమోదు చేసిన దేవదత్త బృందం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఆ వివరాలు ప్రచురించింది. రోజుకు ఒక చిన్న విటమిన్ మాత్రతో ఆ బాధను చాలావరకు నివారించవచ్చని తేలింది. పేదవాడి పాదం మంటను శాస్త్రజ్ఞులు చెవిపెట్టి విన్న ఈ సందర్భాన్ని గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే నలభై ఏళ్ళ తరువాత వచ్చిన మరొక మందు విషయంలో ఆ శ్రద్ధ అంత త్వరగా కనబడలేదు.

ఆ మందు స్టావుడిన్. 1960ల్లో డెట్రాయిట్‌లో జెరోమ్ హోర్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేసి ఫలితం లేక పక్కన పెట్టిన రసాయనాల్లో ఇది ఒకటి. యేల్ విశ్వవిద్యాలయంలో విలియం ప్రుసాఫ్, తాయ్-షున్ లిన్ ఇది హెచ్‌ఐవీని అడ్డగిస్తుందని కనుగొన్నాక 1994లో అమెరికాలో అనుమతి పొందింది. వైరస్ తన జన్యు పదార్థాన్ని నకలు తీసుకునే చోట ఇది అడ్డుపడుతుంది. అయితే మన కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలకు కూడా తమ సొంత డీఎన్‌ఏ ఉంటుంది, దాన్ని నకలు తీసే ఎంజైమునూ ఈ మందు కొంత దెబ్బతీస్తుంది. శక్తి తగ్గితే ముందుగా చెడేవి పొడవాటి నరాలే.

ఈ కథలో తెలుగు నేలకు రెండు వైపులా పాత్ర ఉంది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు అణువు మీద కాక తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చినందువల్ల, హైదరాబాదులో ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం చుట్టూ పెరిగిన రసాయనజ్ఞుల తరం కొత్త దారుల్లో మందులు తయారుచేయడం నేర్చింది. 1986లో అరబిందో ఫార్మా, 1993లో హెటిరో, వాటి సరసన మ్యాట్రిక్స్ లేబొరేటరీస్ ఎదిగాయి. 2001 ఫిబ్రవరిలో ముంబయికి చెందిన సిప్లా స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిపిన చికిత్సను స్వచ్ఛంద సంస్థలకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ప్రకటించినప్పుడు పాశ్చాత్య దేశాల్లో అదే చికిత్సకు పదివేల డాలర్లకు పైగా అవుతుండేది. 2003లో క్లింటన్ ఫౌండేషన్ కుదిర్చిన ఒప్పందంతో ధర 140 డాలర్ల దిగువకు వచ్చింది, ఆ ఒప్పందంలోని కంపెనీల్లో హైదరాబాదు మ్యాట్రిక్స్ ఒకటి. లక్షల మందిని బతికించిన ఈ పనిని తక్కువ చేసి చూడడం అన్యాయం. అదే సమయంలో, దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో దాదాపు అయిదో వంతు మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండేవారు. మందు తయారైన రాష్ట్రమూ, ఆ మందు అందరికన్నా ఎక్కువగా అవసరమైన రాష్ట్రమూ ఒకటే అయింది.

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీని, అంటే వైరస్‌ను అణిచివుంచే మందుల కలయికను, ఆరు అధిక వ్యాప్తి రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ కలిపి 8 ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. స్టావుడిన్‌ను ముందు వరుసలో నిలబెట్టడానికి బలమైన కారణాలే ఉన్నాయి. అది చవక, రోజుకు రెండు మాత్రలతో సరిపోతుంది, దానికి ప్రత్యామ్నాయమైన జిడోవుడిన్ రక్తహీనత తెస్తుంది కనుక రక్తం తక్కువగా ఉన్న మన రోగులకు స్టావుడిన్ సులువు. మరణం అంచున ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టిన మందు అది. కానీ ఆరు నెలలకో ఏడాదికో అదే మనిషి అరికాళ్ళ మంటతో తిరిగి వస్తే, అప్పటికే క్షయకు ఐసోనియజిడ్ కూడా వాడుతుంటే, ఆ మంటను రాసుకునే గడి రిజిస్టరులో అరుదు. బతికున్నారా, మందు మానలేదా, రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాలు పెరిగాయా అన్న ప్రశ్నలకు జవాబు వస్తే పథకం విజయవంతమైనట్టే. ఒకే జబ్బును విడదీసి పైనుంచి కిందికి నడిపే పథకాలు మనిషిని ముక్కలుగా చూస్తాయని జేఎన్‌యూ కేంద్రాన్ని నిర్మించిన బెనర్జీ దశాబ్దాల పాటు చేసిన విమర్శకు ఈ కాళ్ళ మంటల కన్నా సరైన ఉదాహరణ దొరకడం కష్టం. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మోతాదును 40 నుంచి 30 మిల్లీగ్రాములకు తగ్గించమంది, 2009 నవంబరులో ఈ మందును క్రమంగా మానివేయమని సిఫారసు చేసింది. ఆ తరువాత కొన్నేళ్ళకు భారత పథకం టెనోఫోవిర్ మందుకు మారింది. మందు మారినా, చెడిన నరాలు పూర్తిగా కోలుకోని వేల పాదాలు మిగిలిపోయాయి.

నరాల నొప్పికి ఆధునిక వైద్యం ఇచ్చేవాటిలో అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ ముఖ్యమైనవి, అవి కొందరికే పనిచేస్తాయి, మత్తునూ నోరు ఎండడాన్నీ వెంటతెస్తాయి. మార్ఫిన్ వంటి బలమైన మందులను 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎంతగా బిగించిందంటే, 2014లో సవరణ వచ్చేదాకా చాలా రాష్ట్రాల్లో చావు దగ్గరపడ్డ రోగికి కూడా అవి దొరకడం గగనమైంది. రోజూ మింగే మాత్రలకు ఇంకో మాత్రను చేర్చని ఉపశమనం కోసం రోగులు వెతకడం సహజం, ఆ వెతుకులాటలోనే సూదీ సెగా ఈ కథలోకి ప్రవేశిస్తాయి.

చైనా సంప్రదాయంలో ఈ రెండూ ఒకే విద్యకు రెండు చేతులు. చర్మంలోకి సన్నని సూదులు దింపి కొన్ని నిర్దిష్ట బిందువులను ప్రేరేపించడం ఆక్యుపంక్చర్. ఆ బిందువుల దగ్గరే ఎండిన మూలికను కాల్చి వేడి తగిలించడం మాక్సిబషన్. రెండు వేల ఏళ్ళ కిందటి 'హువాంగ్ ది నెయ్ జింగ్' గ్రంథం నాటికే ఇవి క్రమబద్ధమైన శాస్త్రం. చరిత్రలో దీనికి ఒకే తీరు ఆదరణ లేదు. 1822లో చింగ్ చక్రవర్తి రాజవైద్యశాల నుంచి సూదివైద్యాన్ని బహిష్కరించాడు, 1950ల్లో కొత్త చైనా ప్రభుత్వం వైద్యుల కొరత తీర్చుకోవడానికి దాన్ని మళ్ళీ తలకెత్తుకుంది.

పాదాల మంటకు వాడే బిందువుల్లో మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో ఉండే 'జుసాన్లీ', లోపలి చీలమండకు పైన ఉండే 'సాన్యింజియావ్', కాలివేళ్ళ సందుల్లో రెండు పాదాలకూ కలిపి ఎనిమిదిగా ఉండే 'బాఫెంగ్' ప్రసిద్ధమైనవి. వేళ్ళ సందుల్లో సూది అరంగుళం లోపే దిగుతుంది. దిగిన చోట బరువుగా, గుంజినట్టు అనిపిస్తే సూది సరైన చోట పడిందని వైద్యులు గుర్తిస్తారు. సెగకు వాడేది మూలిక ఆకును ఎండబెట్టి దంచి జల్లించి తీసిన 'మాక్సా' అనే దూది లాంటి నూగు, దాన్ని కాగితంలో చుట్టి వేలంత లావు కడ్డీగా చేస్తారు. కడ్డీ కొసను వెలిగిస్తే మంట లేకుండా కణకణలాడుతూ నిదానంగా కాలుతుంది; దాన్ని చర్మానికి అంగుళం ఎడంగా పట్టుకొని, బూడిద ఎప్పటికప్పుడు రాల్చుతూ, కింద చర్మం ఎర్రబారి వెచ్చదనం లోపలికి దిగేదాకా అయిదు పది నిమిషాలు అక్కడే తిప్పుతారు. ఘాటైన పొగ గదంతా నిండుతుంది.

ఆ మూలిక తెలుగువారికి పరాయిది కాదు. చైనాలో వాడేది ఆర్టిమిసియా జాతికి చెందిన మొక్క. వినాయక చవితినాడు ఇరవై ఒక్క పత్రుల్లో మొదటగా స్వామికి సమర్పించే మాచిపత్రి, పూలదండల్లో కట్టే దవనం ఆ కుటుంబానివే. సెగతో నొప్పిని తీసే పద్ధతి కూడా ఈ నేలకు కొత్తది కాదు, సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకు ఒక అధ్యాయమే ఉంది, పిప్పళ్ళు మొదలు లోహశలాకల దాకా వేడి పెట్టే సాధనాలను అది వివరిస్తుంది. పల్లెల్లో కాల్చిన పసుపుకొమ్ముతో వాతలు పెట్టే ఆచారం దాని మొరటు రూపం. పసిబిడ్డల ఒంటి మీద మచ్చలూ పుళ్ళూ మిగిల్చిన ఆ ఆచారాన్ని సమర్థించడానికి లేదు. కడ్డీతో ఇచ్చే మాక్సా సెగలో చర్మాన్ని కాల్చడం ఉండదు కనుక దాన్ని వాతల గాటన కట్టడం సరికాదు.

ఆధునిక భారతదేశానికి సూదివైద్యం వచ్చిన దారిలో స్వాతంత్ర్య పోరాటపు వాసన ఉంది. జపాను దాడికి గురైన చైనాకు సాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ అయిదుగురు వైద్యుల బృందాన్ని పంపింది. మదన్‌మోహన్ అటల్ నాయకత్వంలో చోల్కర్, ద్వారకానాథ్ కోట్నిస్, బిజయ్ కుమార్ బసు, దేబేశ్ ముఖర్జీ వెళ్ళారు. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీల మగ్గాలతో సగం తెలుగు ఊరిగా మారిన సోలాపూర్‌లో పుట్టిన కోట్నిస్, యుద్ధరంగంలో శస్త్రచికిత్సలు చేస్తూ 1942 డిసెంబరు 9న 32 ఏళ్ళకే అక్కడే కన్నుమూశాడు. బతికి తిరిగివచ్చిన బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి సూదివైద్యం నేర్చుకొని కలకత్తాలో దాన్ని మొదలుపెట్టాడు. 1970ల్లో కోట్నిస్ స్మారక సంఘాలు బెంగాల్‌లోనూ పంజాబ్‌లోని లూధియానాలోనూ పేదలకోసం సూదివైద్య శాలలు తెరిచాయి. 1996లో పశ్చిమ బెంగాల్ ఈ వైద్యానికి ప్రత్యేక చట్టం చేసింది. ఢిల్లీలో సర్ గంగారామ్ ఆసుపత్రి వంటి చోట్ల ఇది నొప్పి చికిత్సగా స్థిరపడింది. హైదరాబాదులో అమీర్‌పేట ప్రకృతి చికిత్సాలయం నీడన పెరిగిన ప్రకృతివైద్య విద్యలో కూడా ఆక్యుపంక్చర్ పాఠ్యాంశమైంది.

హెచ్‌ఐవీతో దీని కలయిక మాత్రం అమెరికాలో జరిగింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రిలో 1970ల్లో హెరాయిన్ బాధితులకు చెవి మీద సూదులతో సాయపడే పద్ధతి మొదలైంది. 1980ల్లో ఎయిడ్స్ విరుచుకుపడినప్పుడు ముందుగా బలైనవారిలో సూదులతో మత్తుమందు ఎక్కించుకున్న ఆ మనుషులూ ఉన్నారు. తొలి మందు ఏజడ్‌టీ (జిడోవుడిన్) 1987లో వచ్చేదాకా వైద్యశాస్త్రం దగ్గర వైరస్‌కు జవాబు లేదు. రోగిని ముట్టుకోవడానికి కూడా కొందరు సిబ్బంది జంకిన ఆ రోజుల్లో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల సూదివైద్యులు వారి పాదాలను చేతుల్లోకి తీసుకున్నారు. ఈ చరిత్రలో గౌరవించదగిన ఘట్టాల్లో ఇది ఒకటి, ఆ చికిత్స ఎంత పనిచేసిందన్న ప్రశ్నకు జవాబు ఏదైనా సరే ఈ గౌరవం చెక్కుచెదరదు.

ఆ ప్రశ్నకు పెద్ద జవాబు 1998 నవంబరులో వచ్చింది. అమెరికా వైద్య సంఘం పత్రిక 'జామా'లో జూడిత్ ష్లే బృందం ప్రచురించిన అధ్యయనంలో హెచ్‌ఐవీ నరాల నొప్పి ఉన్న 250 మంది పాల్గొన్నారు. కొందరికి ముందే నిర్ణయించిన బిందువుల్లో సూదులు, కొందరికి సంబంధం లేని చోట్ల సూదులు, అమిట్రిప్టిలిన్ లేదా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి 14 వారాలు నొప్పి డైరీలు రాయించారు. అసలు సూదులకూ నకిలీ సూదులకూ మధ్య, అసలు మాత్రకూ ఉత్తుత్తి మాత్రకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ ఫలితాన్ని సూదివైద్యం ఓటమిగా మాత్రమే చెప్పుకోవడం సగం నిజం, ఎందుకంటే వైద్యులు నిత్యం రాసే అమిట్రిప్టిలిన్ కూడా అదే పరీక్షలో అదే విధంగా తప్పింది. రోగి రోగికీ బిందువులు మార్చకుండా అందరికీ ఒకే పట్టిక వాడారన్నది సంప్రదాయ వైద్యుల అభ్యంతరం. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం ఉన్నా, అంత పెద్ద అధ్యయనం చెప్పినదాన్ని దాంతో కొట్టిపారేయడానికి వీల్లేదు.

సెగను అందులో పరీక్షించలేదు. ఆ లోటును పూరించడానికి న్యూయార్క్‌లో నర్సింగ్ పరిశోధకురాలు జాయిస్ అనస్తాసి ఏళ్ళ తరబడి కృషి చేసింది. ఎయిడ్స్ రోగుల విరేచనాల మీద సూది, సెగ ప్రభావాన్ని ముందుగా పరిశీలించిన ఆమె బృందం, ఆ తరువాత నరాల నొప్పి ఉన్న 50 మందితో చేసిన ప్రాథమిక అధ్యయనంలో సూదినీ మాక్సా సెగనూ కలిపి ఇచ్చినవారిలో నొప్పి తగ్గుదల నకిలీ చికిత్స పొందినవారికన్నా మెరుగ్గా కనిపించిందని నివేదించింది. యాభై మంది మీద వచ్చిన ఫలితం ఆశకు చాలుతుంది, నమ్మకానికి చాలదు. నిజాయితీగా చెప్పదలిస్తే నేటికీ చెప్పగలిగింది ఇంతే: సూదీ సెగా వైరస్‌ను తాకవు, చెడిన నరాన్ని తిరిగి మొలిపిస్తాయన్న రుజువు లేదు, నొప్పి తీవ్రతను కొందరిలో తగ్గించవచ్చు. ఏఆర్‌టీ మాన్పించి సూదులతో ఎయిడ్స్ నయం చేస్తామనేవారు చేసేది హత్యతో సమానమైన పని. ఎయిడ్స్‌ను నయం చేస్తామని మందుకు ప్రచారం చేయడాన్ని మన ఔషధ నియమావళిలోని షెడ్యూల్ జె స్పష్టంగా నిషేధించింది.

ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయాలు ఈ వైద్యాన్ని గుర్తించిన తీరు నిదానమైనది. 2003 నవంబరు 25 నాటి కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర వైద్య విధానంగా ఒప్పుకోలేదు, చికిత్సా పద్ధతిగా మాత్రం అనుమతించింది. 2019 ఫిబ్రవరిలో ఆరోగ్య పరిశోధన విభాగం దాన్ని స్వతంత్ర ఆరోగ్య సంరక్షణ విధానంగా గుర్తించింది. ఈ రెంటి మధ్య, 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, చికిత్స ఇచ్చే చోట వివక్ష చూపకూడదని శాసించింది. సూదివైద్యుడి గది కూడా చికిత్స ఇచ్చే చోటే కనుక, హెచ్‌ఐవీ ఉందని తెలిసి సూది పెట్టనని తిప్పి పంపడం ఈ చట్టం స్ఫూర్తికి విరుద్ధం. ఒకసారి వాడి పారేసే సూదులు, చేతి తొడుగులు అందరు రోగులకూ ఒకే విధంగా వాడితే ఎవరికి ఏ వైరస్ ఉందో విడిగా అడగవలసిన పనే ఉండదు.

ఈ చికిత్సలో అసలు ప్రమాదం మరొకచోట ఉంది. స్పర్శ పోయిన పాదానికి వేడి తెలియదు. మామూలు మనిషి "చాలు, కాలుతోంది" అని చెప్పే క్షణం ఈ రోగికి రాదు. అనుభవమున్న సూదివైద్యులు అందుకే రోగి మాట కోసం ఎదురుచూడక, తమ రెండో చేతి వేళ్ళను ఆ బిందువుకు ఇరువైపులా ఆనించి వేడిని తామే కొలుచుకుంటూ కడ్డీని పట్టుకుంటారు, బొబ్బ వస్తే మానడానికి నెలలు పట్టే పాదాలకు సెగను మోకాలి దగ్గరి బిందువులకే పరిమితం చేస్తారు.

మందుల కలయిక నేడు చాలా మెరుగైంది; డొలుటెగ్రవిర్ ఆధారంగా ఇచ్చే నేటి చికిత్సకు స్టావుడిన్ లాంటి విషగుణం లేదు. 2022 జూలై, ఆగస్టుల్లో మందుల నిల్వలు సరిగా లేవని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం దగ్గర వారాల పాటు బైఠాయించిన రోగులు అడిగింది రోజూ వేసుకునే మాత్రలను, నొప్పి తగ్గించే చికిత్సను అడిగేదాకా వారి పోరాటం ఇంకా రాలేదు. ఈలోగా 2004, 2005ల్లో ముప్ఫై ఏళ్ళ వయసులో చికిత్స మొదలుపెట్టినవారు యాభై దాటారు, వారిలో మధుమేహం వచ్చినవారి కాళ్ళకు పాత స్టావుడిన్ గాయం మీద చక్కెర జబ్బు గాయం కొత్తగా చేరుతోంది. మెహ్రౌలీలోనైనా గుంటూరులోనైనా ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చే ఈ వయసువారి బొటనవేలి మీద శ్రుతిదండం ఆనించి చూసి, నొప్పి ఉందా అని అడిగి, వచ్చిన జవాబును కార్డులో రాస్తేనే ఏ సూది, ఏ సెగ, ఏ మాత్ర వారికి పనికొస్తుందో తేల్చే అధ్యయనాన్ని మన రోగుల మధ్య మొదలుపెట్టడం కుదురుతుంది. మద్రాసు కేంద్రం 1950ల్లో ఐసోనియజిడ్ విషయంలో చేసినది సరిగ్గా ఈ పనే.